ఇంటిపేరు గట్టు... సినిమా పేరు పొట్టి!

ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి 'జగన్మోహిని' అని కొట్టండి. 1978 నాటి సినిమా. డైరెక్టర్ బి.విఠలాచార్య. దయ్యాలు, మంత్రాలు, తాళ్లు కట్టి గాల్లో లేపిన మనుషులు... ఇవాళ చూస్తే కొంచెం భయం, చాలా నవ్వు. అందులో ఒక చిన్న మనిషి కనిపిస్తాడు. పక్కవాళ్ల నడుము దగ్గరికి కూడా రాడు. మొహం మాత్రం మీకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. అమ్మానాన్నలను అడిగితే ఠక్కున చెప్పేస్తారు, ''పొట్టి వీరయ్య కదా!'' అని.

సరే, ఇంకో ప్రశ్న అడగండి. ''ఆయన అసలు పేరేంటి?''

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆయన గట్టు వీరయ్య. ఇంటిపేరు గట్టు. 'పొట్టి' అనేది సినిమావాళ్లు తగిలించింది. పొట్టి శ్రీరాములు గారి పేరులో ఉన్న పొట్టి వంశం నుంచి వచ్చిన ఇంటిపేరు. వీరయ్య పేరులో ఉన్నది ఆయన ఒంటిని చూసి పెట్టింది. అదే చివరిదాకా నిలిచింది. 2021 ఏప్రిల్ 25న హైదరాబాద్‌లోని ఆస్పత్రిలో గుండెపోటుతో 74 ఏళ్ల వయసులో ఆయన చనిపోయినప్పుడు వార్తల హెడ్డింగుల్లో కూడా అదే పేరు. అప్పుడు కరోనా సెకండ్ వేవ్ నడుస్తోంది. రోజూ అన్ని చావువార్తల మధ్య ఆ వార్త కూడా ఒకటై పోయింది.

ఈ వారం ఆయన గురించి మాట్లాడుకుందాం. ఆయన ఒక్కడి గురించే కాదు, మన సినిమా, మన ఫోన్లు, మన నోళ్లు చిన్న ఎత్తున్న మనుషులను ఎలా చూస్తున్నాయో కూడా.

ఫణిగిరి కుర్రాడు

వీరయ్యది అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి. ఆ పేరు ఈ మధ్య మీరు వార్తల్లో విని ఉంటారు. ఊరి గుట్ట మీద దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. మన అమరావతి స్తూపం మీద, అటు సాంచీ తోరణాల మీద కూడా పొట్టి యక్షులు కనిపిస్తారు. అమరావతిలో పెద్ద పూలదండను మోస్తుంటారు, సాంచీలో రాతి దూలాలనే మోస్తుంటారు. అంటే చిన్న మనిషిని కళలో పెట్టడం మనకు కొత్తేం కాదు. ఏ పనికి పెట్టారన్నదే ప్రశ్న.

వీరయ్య తొలి సినిమా 1967లో వచ్చిన 'అగ్గిదొర'. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉంది. నల్గొండ జిల్లా పల్లె నుంచి మద్రాసు అంటే ఆరొందల కిలోమీటర్ల దాకా ప్రయాణం. చేతిలో ఫోన్ లేదు, పోర్ట్‌ఫోలియో లేదు, ఇన్‌స్టా లేదు. మామూలు ఎత్తున్న అందగాళ్లకే ఆఫీసు గుమ్మం దాటనివ్వని రోజులు. ఆ ఎత్తుతో ఒక తెలంగాణ కుర్రాడు వెళ్లి కెమెరా ముందు నిలబడ్డాడంటే దాన్ని 'లక్కు' అని తీసిపారేయలేం. గుండె ధైర్యం కావాలి.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. దాసరి నారాయణరావు మొదటి సినిమా 'తాతా మనవడు' (1972)లో ఉన్నాడు. 'రాధమ్మ పెళ్లి', 'జగన్మోహిని', ఎన్టీఆర్ హీరోగా వచ్చిన 'యుగంధర్', 'గజదొంగ'... ఇలా లిస్టు పెద్దది. తెలుగుతో పాటు తమిళం, కన్నడ, మలయాళంలోనూ చేశాడు. మొత్తం ఐదు వందల దాకా సినిమాలు అని ఆయన పోయినప్పుడు పత్రికలు రాశాయి. ఒక్కసారి ఆలోచించండి. మీ ఫేవరెట్ హీరో ఇప్పటికి ఎన్ని చేశాడు? ముప్పై? నలభై?

విఠలాచార్య లెక్క వేరు

ఆయనకు మొదటి చాన్స్ విఠలాచార్య సినిమాలో రావడంలో ఆశ్చర్యం లేదు. ఉడుపి నుంచి వచ్చిన ఆ డైరెక్టర్‌ను తెలుగువాళ్లు 'జానపద బ్రహ్మ' అన్నారు. గ్రాఫిక్స్ లేని కాలం. మంట కావాలంటే నిజంగా మంట పెట్టాలి. అస్థిపంజరం నడవాలంటే తాడు కట్టి లాగాలి. తక్కువ ఖర్చులో, తక్కువ రోజుల్లో జనం నోరు తెరిచి చూసే వింత చూపించాలి. ఆయన గురించి ఇండస్ట్రీలో ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరైనా నటుడు డేట్లు ఇవ్వకుండా సతాయిస్తే, ఆ పాత్రను మంత్రంతో మేకనో కోతినో చేసేసి షూటింగ్ కానిచ్చేవాడట! నిజమో కాదో గానీ, ఆ సినిమాలు చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

అలాంటి లోకంలో వీరయ్య లాంటి నటుడు ఒక వరం. ట్రిక్ షాట్ అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు. ఫ్రేములో నిలబడితే చాలు, ప్రేక్షకుడి కన్ను అటే పోతుంది. జానపద సినిమా ఆయనకు తలుపు తీసింది అందుకే.

చిక్కు కూడా అక్కడే ఉంది. నిలబడితే చాలు అనుకున్నప్పుడు ఇక నటించమని ఎవరు అడుగుతారు? మన సినిమాల్లో ఈ ఎత్తున్న నటులకు దొరికే పాత్రలు ఏంటో మీరే లెక్కేయండి. మాంత్రికుడి పక్కన శిష్యుడు. విలన్ డెన్‌లో వింత మనిషి. సర్కస్‌లో జోకర్. హీరో ఎత్తి పక్కన కూర్చోబెట్టే కమెడియన్. పాట మధ్యలో ఒక నవ్వు. ఈ ఐదు పెట్టెల్లో పట్టనివి ఎన్ని గుర్తొస్తాయి? చేతివేళ్లు కూడా ఎక్కువే.

మన నాచారం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఇప్పుడు నాచారం అంటే ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ ఆస్పత్రి, సాయంత్రమైతే హబ్సిగూడ దాకా ట్రాఫిక్. కానీ ఎన్టీఆర్ తన పెద్దకొడుకు రామకృష్ణ పేరు మీద స్టూడియో కట్టుకున్నది ఇక్కడే. డెబ్బైల చివర నుంచి సినిమా మెల్లమెల్లగా మద్రాసు వదిలి ఇటు రావడం మొదలైంది. 'దానవీరశూర కర్ణ' లాంటి పౌరాణికాల సెట్లు వెలసిన చోటు ఇది. ఇండస్ట్రీ ఊరు మారినప్పుడు స్టార్లకు జూబ్లీహిల్స్‌లో స్థలాలు దొరికాయి. చిన్న నటులు మాత్రం సంసారం మూటగట్టుకొని, మళ్లీ మొదటి నుంచి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అదే సమయంలో జానపద సినిమా కూడా సన్నబడిపోయింది. మాంత్రికుడే లేకపోతే మాంత్రికుడి శిష్యుడికి పనేముంది?

పేరు పెట్టింది ఎవరు?

మన ఇండస్ట్రీకి పేర్లు పెట్టే సరదా ఎక్కువే. కొంచెం పొట్టిగా ఉంటే పొట్టి ప్రసాద్. ఆ పేర్లతోనే వాళ్లు వెలిగారు, అన్నం తిన్నారు. కాబట్టి పేరు వల్ల నష్టమే జరిగిందని అనలేం. పోస్టర్ మీద 'గట్టు వీరయ్య' అని వేస్తే ఎవరికీ గుర్తుండేది కాదేమో. 'పొట్టి వీరయ్య' అంటే ఊరూరా గుర్తుపట్టారు.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. హిందీలో ఎం.ఎం.ఫారూఖీ అంటే ఎవరికీ తెలియదు. 'లిల్లీపుట్' అంటే తెలుస్తుంది. 'మీర్జాపూర్'లో దద్దా త్యాగిగా మీరు చూసింది ఆయన్నే. నటుడే కాదు, రచయిత కూడా. మలయాళంలో అజయ్‌కుమార్ అనే కుర్రాడు 1986లో 'అంబిలి అమ్మావన్' అనే సినిమాలో చేసిన పాత్ర వల్ల 'ఉండ పక్రు' అయిపోయాడు. ఎత్తు 76 సెంటీమీటర్లు. అంటే రెండున్నర అడుగులు. 2005లో వినయన్ తీసిన 'అద్భుత ద్వీప్'లో లీడ్ రోల్ చేసి, ప్రపంచంలోనే అతి తక్కువ ఎత్తున్న హీరోగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కాడు. అంతే, 'ఉండ' పోయి 'గిన్నిస్ పక్రు' అయ్యాడు. 2013లో 'కుట్టీం కోలుం' అనే సినిమా డైరెక్ట్ కూడా చేశాడు. మన 'బిచ్చగాడు' తీసిన శశి 2006లోనే తమిళ 'ఢిష్యుం'లో ఆయనకు మంచి పాత్ర ఇచ్చాడు.

చూడండి, ముగ్గురు నటులు, మూడు భాషలు, మూడు మారుపేర్లు. ముగ్గురి పేర్లూ ఎత్తు చుట్టూనే. తేడా ఒక్కటే. పక్రు విషయంలో ఒక డైరెక్టర్ ఆయన్ను మధ్యలో నిలబెట్టి కథ రాశాడు. దాంతో పేరు కూడా ఎగతాళి నుంచి రికార్డుకు మారింది. వీరయ్యకు ఐదు వందల సినిమాల్లో అలాంటి ఒక్క కథ దొరికిందా? ఇప్పటి కుర్రాళ్లు ఎవరినైనా ''వీరయ్య పాత్ర పేరు ఒకటి చెప్పు'' అని అడిగి చూడండి. సినిమా పేర్లు చెబుతారు, సీన్లు చెబుతారు. పాత్ర పేరు దగ్గర మాట ఆగిపోతుంది.

మోకాళ్ల మీద నిలబడిన హీరో

''మన దగ్గర పొట్టివాడు హీరోగా సూపర్ హిట్ సినిమా లేదా?'' అంటారేమో. ఉంది. 1989లో వచ్చిన 'విచిత్ర సోదరులు'. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు డైరెక్షన్. అందులో అప్పు ఒక సర్కస్ కళాకారుడు. ప్రేమిస్తాడు, ఓడిపోతాడు, తండ్రిని చంపినవాళ్ల మీద తెలివిగా పగ తీర్చుకుంటాడు. జాలి పడాల్సిన బొమ్మలా కాకుండా కోపం, కోరిక, బుర్ర ఉన్న మనిషిలా రాశారు. అందుకే ముప్పై ఐదేళ్లు దాటినా గుర్తుంది.

కానీ ఆ పాత్ర చేసింది కమల్ హాసన్. మోకాళ్ల మీద నిలబడి, మోకాళ్లకే బూట్లు తొడుక్కొని, అవసరమైన చోట గుంత తవ్వి కాళ్లు దాచి, కెమెరా కోణాలతో మాయ చేశారు. కంప్యూటర్ లేని రోజుల్లో అది నిజంగా అద్భుతం, కాదనను. 2018లో షారుఖ్ ఖాన్ 'జీరో'లో అదే పని గ్రాఫిక్స్‌తో చేశారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. పొట్టి మనిషి పక్కన ఉండే నవ్వుల పాత్ర అయితే వీరయ్య లాంటివాళ్లను పిలుస్తారు. పొట్టి మనిషే కథానాయకుడైతే పొడుగు హీరోను పిలిచి పొట్టి చేస్తారు!

మార్కెట్ లెక్క ఉంటుంది, నిజమే. వంద కోట్ల సినిమాకు స్టార్ కావాలి. కానీ చిన్న బడ్జెట్ సినిమాలు, వెబ్ సిరీస్‌లు, షార్ట్ ఫిల్ములు కుప్పలుతెప్పలుగా వస్తున్న రోజులివి. వాటికి ఏమడ్డం?

హాలీవుడ్‌లో కూడా చాలాకాలం ఇదే కథ. 'స్టార్ వార్స్' (1977)లో ఆర్2-డీ2 అనే బుల్లి రోబో గుర్తుందా? దాని లోపల కూర్చొని కదిలించింది కెన్నీ బేకర్ అనే నటుడు. ప్రపంచమంతా ఆ రోబోను ప్రేమించింది, ఆయన మొహం మాత్రం చూడలేదు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో హాబిట్‌లు చిన్నగా కనబడాల్సిన షాట్లలో డూప్‌గా చేసినవాళ్లలో కిరణ్ షా ఒకరు. భారతీయ మూలాలున్న కుటుంబం, పుట్టింది కెన్యాలో. స్టంట్ మాస్టర్‌గా గిన్నిస్ రికార్డు కూడా ఉంది. ఆయన్నీ మనం చూశాం, కానీ చూసినట్టు మనకే తెలియదు.

పాత్ర కావాలా, పని కావాలా?

ఈ గోడను బద్దలుకొట్టినవాడు పీటర్ డింక్లేజ్. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో టిరియన్. చూడనివాళ్లు కూడా మీమ్స్‌లో చూసే ఉంటారు. ఆయనేం రాత్రికి రాత్రి స్టార్ కాలేదు. 29 ఏళ్లొచ్చేదాకా న్యూయార్క్‌లో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగం చేశాడు. క్రిస్మస్ తాత పక్కన గంతులేసే పాత్రలు వస్తే వద్దనేవాడు. 2003లో 'ద స్టేషన్ ఏజెంట్' అనే చిన్న సినిమాలో రైళ్ల పిచ్చి ఉన్న ఒంటరి మనిషిగా చేశాడు. ఆ తర్వాత టిరియన్ పాత్రకు నాలుగు ఎమ్మీ అవార్డులు. ఆ పాత్రలో ఎత్తు గురించి ప్రస్తావన లేదా? బోలెడుంది. కానీ సిరీస్ మొత్తంలో అందరికన్నా తెలివిగా మాట్లాడేది అతనే. మన పెద్దలు ''పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు'' అన్నది వెక్కిరింపుగానే కావచ్చు, టిరియన్ దాన్ని కిరీటంలా పెట్టుకున్నాడు.

ఇక్కడే అసలు చిక్కుముడి. 2022 జనవరిలో డింక్లేజ్ ఒక పాడ్‌కాస్ట్‌లో డిస్నీ వాళ్లను కడిగేశాడు. 'స్నో వైట్'ను మళ్లీ తీస్తూ హీరోయిన్ విషయంలో ఎంతో అభ్యుదయంగా ఆలోచించారు గానీ, గుహలో ఉండే ఏడుగురు మరుగుజ్జుల పాత కథను మాత్రం వదల్లేదేంటని నిలదీశాడు. డిస్నీ ఆలోచనలో పడింది. 2025లో సినిమా వచ్చేసరికి ఆ ఏడుగురూ కంప్యూటర్ బొమ్మలయ్యారు!

అప్పుడు చిన్న ఎత్తున్న మిగతా నటుల్లో కొందరు లబోదిబోమన్నారు. ''నువ్వు స్టార్‌వి, నీకు పాత్రలొస్తాయి. మాకు వచ్చే ఏడు ఉద్యోగాలు కూడా పోయాయి కదా!'' అన్నది వాళ్ల బాధ. 2023లో 'వోంకా'లో ఊంపా లూంపా అనే బుల్లి మనిషి పాత్రను కూడా గ్రాఫిక్స్‌తో హ్యూ గ్రాంట్ చేశాడు. పొడుగాయనే! దాని మీద కూడా ఇదే గొడవ.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. గౌరవం లేని పని వద్దనడానికి కడుపు నిండి ఉండాలి. కడుపు నింపుకోవడానికి ఒప్పుకున్న పని, రేపు ఇంకో పిల్లాడిని స్కూల్లో ఏడిపించడానికి ఆయుధం అవుతుంది. వీరయ్య తరం నటులను ''ఆ పాత్రలు ఎందుకు చేశారు?'' అని అడిగే హక్కు మనకు లేదు. వాళ్లకు దొరికినవి అవే. వాటితోనే ఇల్లు నడిపారు, పిల్లలను పెంచారు. అడగాల్సింది రాసేవాళ్లను, తీసేవాళ్లను, టికెట్ కొని నవ్వే మనల్ని. నా మటుకు నాకు దారి ఒకటే కనిపిస్తోంది. పాత్రలు తీసేయడం కాదు, పెంచాలి. బ్యాంకు మేనేజర్‌గా, టీచర్‌గా, హీరోయిన్ అన్నయ్యగా, అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌గా. ఎత్తు గురించి ఒక్క డైలాగ్ కూడా లేకుండా!

ఎత్తు ఎందుకు ఆగుతుంది?

కొంచెం సైన్స్. ఎత్తు తక్కువగా ఉండిపోవడానికి వందల రకాల కారణాలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది అకాండ్రోప్లేసియా. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో చిన్న మార్పు వల్ల చేతులు, కాళ్ల ఎముకలు పొడవు పెరగవు. సుమారు పాతిక వేల జననాల్లో ఒకరికి వస్తుంది. విశేషమేంటంటే, ఇలా పుట్టే పిల్లల్లో పదిమందిలో ఎనిమిది మందికి తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. జన్యువులో మార్పు కొత్తగా, అనుకోకుండా వస్తుంది. కాబట్టి తల్లి తిన్నదాని వల్లో, గ్రహణం వల్లో, ఎవరి పాపం వల్లో కాదు. కోడలిని తిట్టే అత్తగార్లకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు.

ఇంకో రకం గ్రోత్ హార్మోన్ లోపం. దీన్ని చిన్నప్పుడే కనిపెడితే ఇంజెక్షన్లతో చాలావరకు పెరుగుదల వస్తుంది. ఎముకల చివర్లు మూసుకుపోయాక లాభం ఉండదు. అందుకే ఇంట్లో పిల్లలు క్లాసులో అందరికన్నా మరీ వెనకబడితే ''మా తాత కూడా ఇంతే'' అని వదిలేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. జన్యు పరీక్షల కోసం మనం విదేశాలకు పోనక్కర్లేదు. ఉప్పల్‌లోనే సీడీఎఫ్‌డీ ఉంది. నిమ్స్ ఆస్పత్రిలోని జన్యు విభాగంతో కలిసి పనిచేస్తుంది. రోజూ మెట్రో ఎక్కి ఆ దారినే పోతుంటాం.

నిజం చెప్పాలంటే, వాళ్ల కష్టంలో ఎముకల వాటా కొంతే. మిగతాది మనం కట్టిన ఊరిది. ఏటీఎం బటన్లు అందవు. సిటీ బస్సు మెట్టు నడుము ఎత్తు. బ్యాంకు కౌంటర్ వెనకున్న క్లర్కుకు ఎదురుగా మనిషి ఉన్నాడనే తెలియదు. లిఫ్టులో పదో అంతస్తు బటన్ నొక్కాలంటే ఎవరో ఒకరు ఎక్కేదాకా ఆగాలి. 2021లో మన హైదరాబాద్‌లో మూడడుగుల ఎత్తున్న ఒకాయన కారులో పెడల్స్ మార్పించుకొని, డ్రైవింగ్ నేర్చుకొని, లైసెన్స్ తెచ్చుకున్నాడు. దేశంలో ఆ ఎత్తున్నవాళ్లలో తొలి లైసెన్స్ అని దేశమంతా వార్త అయింది. కారు కొంచెం మారింది, మనిషి స్టీరింగ్ పట్టాడు. అంతే కదా కావాల్సింది!

చట్టం చేతిలోనే ఉంది

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. మరుగుజ్జుతనం అందులో చేరింది. పెద్దయ్యాక ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉండి, దానికి వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణం ఉంటే వర్తిస్తుంది. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వస్తే ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్లు, సర్కారు కొలువుల్లో 4 శాతం పోస్టుల కోటాకు పోటీ పడొచ్చు. యూడీఐడీ కార్డు తీసుకోవాలి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 నుంచి 4,016 రూపాయలు. ఏపీలో 2024 నుంచి 6,000.

ఫోన్ చేతిలో ఉన్న మనం గుర్తుంచుకోవాల్సింది 92వ సెక్షన్. దివ్యాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా.

సినిమా విషయంలో 2024 జులై 8న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పిచ్చింది. 'ఆంఖ్ మిచోలీ' అనే హిందీ సినిమా మీద నిపున్ మల్హోత్రా వేసిన కేసు. అప్పటి చీఫ్ జస్టిస్ డి.వై.చంద్రచూడ్ బెంచ్ సినిమాను ఆపలేదు గానీ, ఒక గీత గీసింది. వైకల్యంతో బతకడంలోని సంగతులను అర్థం చేసుకునేలా నవ్వించడం ఒకటి. వైకల్యం ఉన్న మనిషిని కించపరిచి నవ్వించడం ఇంకొకటి. మొదటిది సరే, రెండోది సరికాదు. వాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లనే సంప్రదించాలని కూడా చెప్పింది. 2025 ఆగస్టులో ఇదే కోర్టు, దివ్యాంగుల మీద జోకులేసిన స్టాండప్ కమెడియన్లను తమ చానళ్లలోనే క్షమాపణ చెప్పమంది. అంటే లెక్క థియేటర్‌తో ఆగలేదు, రీల్స్ దాకా వచ్చింది.

షేర్ కొట్టే ముందు

జోకులే వేయొద్దా? వేయొచ్చు. ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి, ఈ వీడియోలో ఆ మనిషి మనతో కలిసి నవ్వుతున్నాడా, మనం ఆయన్ను చూసి నవ్వుతున్నామా? టీవీ షోలో నటుడు తన ఇష్టంతో, తన స్క్రిప్టుతో నవ్వించడం వేరు. మెట్రోలో ఎవరో తెలియని మనిషిని చాటుగా వీడియో తీసి పాట పెట్టడం వేరు.

రెండు, ఆ సీన్‌లోంచి ఎత్తు తీసేస్తే ఇంకేమైనా మిగులుతుందా? మిగిలితే అది కామెడీ. ఏమీ మిగలకపోతే అది ఎగతాళి.

మూడు, అదే ఎత్తున్న పదేళ్ల పిల్లాడు ఈ రీల్ చూస్తే, రేపు స్కూల్‌కు పోవాలనిపిస్తుందా?

ఇక పిలుపు సంగతి. మరుగుజ్జు అనాలా, చిన్న ఎత్తున్నవాళ్లు అనాలా అని చాలామంది అడుగుతుంటారు. చట్టం గురించి, వైద్యం గురించి మాట్లాడేటప్పుడు ఏదో ఒక మాట తప్పదు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మాత్రం ఆ బెడదే లేదు. ఆయనకు పేరుంటుంది, అడిగితే చెబుతారు. వయసులో పెద్దవాళ్లయితే అన్నా, అక్కా, సార్, మేడమ్ ఉండనే ఉన్నాయి. ఎత్తు చూసి నలభై ఏళ్ల మనిషిని ''ఏరా, ఒరేయ్'' అనేవాళ్లను రోజూ చూస్తున్నాం. తల నిమిరేవాళ్లు, అడక్కుండా ఎత్తుకొని సెల్ఫీ దిగేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మనిషికీ ఇల్లుంది, ఈఎంఐ ఉంది, మనలాగే ఆఫీసులో చిరాకులున్నాయి.

షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ కాలమ్ చదివేవాళ్లలో మీరు చాలామందే ఉన్నారు. కృష్ణానగర్‌లో చాన్సుల కోసం తిరుగుతున్న నటుల్లో వీరయ్య లాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వచ్చేసారి స్క్రిప్టు రాసినప్పుడు అందులో కిరాణా కొట్టు ఓనరో, ప్రొఫెసరో ఉంటే వాళ్లలో ఒకరిని ఆడిషన్‌కు పిలవండి. డైలాగ్ మార్చకండి, బాక్‌గ్రౌండ్‌లో 'టొయ్‌య్' మని మ్యూజిక్ వేయకండి. పాత్రకు ఒక పేరు పెట్టండి. ఆ పేరుతోనే టైటిల్స్ వేయండి.

గట్టు వీరయ్య ఐదు వందల సినిమాలు చేసి మనల్ని నవ్వించి వెళ్లిపోయాడు. ఆయనకు రావాల్సిన ఆ ఒక్క కథ రాలేదు. తర్వాతివాళ్లకైనా వస్తుందా? మీరు చూసిన తెలుగు సినిమాల్లో, సిరీస్‌లలో చిన్న ఎత్తున్న నటుడికి లేదా నటికి ఎత్తుతో పనిలేని పాత్ర ఇచ్చింది ఏదైనా ఉంటే రాసి పంపండి. లిస్టు పెద్దదైతే వచ్చే వారం ఈ కాలమ్ మొత్తం దానికే!